నడుము లోతు నీళ్లు

మా మెదక్‌లో సముద్రాన్ని చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. రామేశ్వరం పోయినవాళ్లు, విశాఖలో చుట్టాలున్నవాళ్లు, హజ్‌కు పోతూ విమానం కిటికీలోంచి చూసినవాళ్లు. ఓడెక్కి ఒక దీవికి చేరి, అక్కడున్న ఒక్క పగలును ఏ ఒడ్డున గడపాలో తామే ఎంచుకోవలసి వచ్చినవాళ్లు మాత్రం నాకు తెలిసి లేరు. నాకు ఆ అవసరం పడింది. ఎంచుకున్నాను. ఎట్లా ఎంచుకున్నానో, అక్కడ ఏం జరిగిందో రాస్తున్నాను.

నాకు బస్టాండు దగ్గర బోరుమోటార్ల దుకాణం ఉంది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంత ఓల్టేజీతో వస్తుందో తెలియని చోట మోటార్లు కాలిపోతూనే ఉంటాయి కాబట్టి దుకాణం నడుస్తూనే ఉంటుంది. మా నాన్న కాలంలో బాగా సరుకు అమ్మిన డీలరుకు కంపెనీ గోడగడియారం ఇచ్చేది. కంపెనీలు పెరిగి పోటీ మొదలైనాక డీలర్లను దేశాలు తిప్పడం నేర్చుకున్నాయి. ఆ ఏడాది మా వంతుకు సింగపూరు నుంచి ఓడ ప్రయాణం వచ్చింది. దంపతులకని రెండు టికెట్లు.

నా భార్య పద్మది పాపన్నపేట దగ్గర మంజీర ఒడ్డు ఊరు. నడక, ఈత ఒకేసారి నేర్చుకున్నానని చెప్పేది. పెళ్లయి మెదక్ వచ్చాక ఈత మానేసింది. మా పట్నంలో చెరువుంది, దాని చుట్టూ చూసేవాళ్లూ ఉన్నారు. పుట్టింటికి పోయేటప్పుడు బస్సు వంతెన ఎక్కగానే కిటికీ వైపు జరిగి కూర్చునేది. నాకు ఈత రాదు. నీళ్లంటే భయం కూడా.

"నీళ్ల మోటార్లు అమ్ముకుంట నీళ్లకు భయపడేటోనివి నువ్వొక్కనివే," అనేది.

ఓడ సంగతి తెలిసిన రోజు, ఉప్పునీళ్లలో మనిషి సులభంగా తేలుతాడని చదివానని ఆమెకు చెప్పాను. దుకాణంలో గిరాకీ లేనప్పుడు నేను పుస్తకాలు చదువుతాను. ఆమె వాటి సారం అడిగి తెలుసుకుంటుంది. ఆ రోజు ఈ మాట వినగానే అంది.

"గట్లయితే గాడ నీకు ఈత నేర్పుత. అలలుండొద్దు. నీళ్లు నడుముల దాక ఉండాలె. మంది ఉండొద్దు. గసొంటి జాగ జూడు."

టికెట్లు చేతికి రాకముందే పద్మ పోయింది. జ్వరమని దవాఖానకు తీసుకుపోయాం, ఇంటికి తీసుకురాలేదు. కంపెనీ ప్రయాణాన్ని వాయిదా వేస్తూ వేస్తూ చివరికి ఖాయం చేసేసరికి ఏడాది మాసికం కూడా అయిపోయింది. నేను రానని చెప్పాను. పద్మ తమ్ముడు మల్లేశం ఒప్పుకోలేదు. ఊళ్లో వరి పండించుకునే మనిషి. అప్పటికి హైదరాబాదు దాటి ఎరగడు.

"అక్క జాగ జూడుమన్నది గదా బావా. జూసిరా. ఒక్కనివి పోలేవు గని, నేనొస్త," అన్నాడు.

ఆమె అడిగిన పనుల్లో నేను చేయగలిగింది అదొక్కటే మిగిలింది. బయలుదేరాను.

రోడ్డు మీద బువ్వ

తెలంగాణ కోసం ఉద్యమం ఊరూరా నడుస్తున్న రోజులు. బందులకు అలవాటుపడి దుకాణం షట్టరు సగం దించే ఉంచేవాళ్లం. ఒక రోజు ముందే బయలుదేరండని అందరూ చెబితే అట్లాగే కిరాయి జీపులో బయలుదేరాం. నర్సాపూర్ అడవి దాటాక రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు కనిపించాయి. ఊరివాళ్లు తారురోడ్డు మీదే వండి, అక్కడే పంక్తిలో కూర్చుని తింటున్నారు. దాన్ని వంటావార్పు అనేవాళ్లు. లారీ డ్రైవర్లు కూడా అందులోనే కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం.

వడ్డిస్తున్న ఒక పెద్దమ్మ మా బ్యాగులు చూసి అడిగింది. "యాడికి పోతుండ్రు కొడుకా?"

"సముద్రం జూడ," అన్నాడు మల్లేశం. అతనికి దాచడం చేతకాదు.

"ఏ సముద్రం? ఆంధ్రోళ్లదా?"

"కాదవ్వా. మలేషియాది."

మెడలో కండువా వేసుకున్న ఒకాయన వంకాయకూర బకెట్ కింద పెట్టి నవ్వాడు. "రాష్ట్రమొస్తే అన్నొస్తయ్ తమ్మీ. నీళ్లొస్తయ్, నౌకరీలొస్తయ్. సముద్రమొక్కటి రాదు. పోయి జూసిరాండ్రి."

పంక్తి అంతా నవ్వింది. పెద్దమ్మ మాత్రం నవ్వకుండా, నా ఆకులో ఇంకో గరిటె అన్నం వేసి, "జర ఎక్కువ జూసిరా బిడ్డా, మా వంతు గూడ," అంది. మేము తినడం అయ్యాక వాళ్లే పొయ్యిరాళ్లు జరిపి జీపుకు దారిచ్చారు.

విమానంలో ఇచ్చిన భోజనం కంటే ఆ వంకాయకూరే నాకు గుర్తుంది.

ఓడలో రెండు బాతులు

ఓడ ఎంత పెద్దదో చెప్పడానికి పోలికలు వెతకను. దారి తప్పేంత పెద్దది. మా గది తలుపు తీసి చూస్తే ఒకటే మంచం. దాని మీద తెల్ల తువ్వాళ్లను మడిచి రెండు బాతులను చేసి, ముక్కుకు ముక్కు ఆనించి పెట్టారు. చుట్టూ ఎర్రపూల రెక్కలు చల్లారు. దంపతుల టికెట్టు కదా.

మల్లేశం గుమ్మంలోనే నిలబడిపోయాడు. "బావా, గీ బాతులు మనకేనా?"

"మనకే."

"ఊర్లె జెప్పకు బావా. నా ఇజ్జత్ పోతది."

పువ్వుల రెక్కలు జాగ్రత్తగా ఏరి ఒక కవరులో వేశాడు. బాతులను మాత్రం విప్పలేదు. అట్లాగే బల్ల మీద పెట్టాడు. అతను పడుకున్నాక వాటిని చూస్తూ కూర్చున్నాను. పద్మ అయితే ఒకటి విప్పి, ఎట్లా మడిచారో చూసి, మళ్లీ మడిచేది. ఇంటికి పోయాక అందరికీ మడిచి చూపేది.

ఓడలో తిండికి లోటు లేదు. పొద్దున నుంచి ఎవరో ఒకరు తింటూనే ఉంటారు. తాగే నీళ్ల సీసాకు మాత్రం వేరే డబ్బులు. ఆ ఒక్క సీసా ధరకు మెదక్‌లో ఇద్దరం కడుపునిండా భోజనం చేయవచ్చు. మల్లేశం రేలింగు పట్టుకుని కిందికి చూసి, "ఇన్ని నీళ్లల్ల నిలవడి నీళ్లు కొనేటోన్ని నేనొక్కన్నే కావచ్చు," అన్నాడు. తెచ్చుకున్న జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం డెక్కు మీదే విప్పాడు.

ఆ వాసనకే మాకు ఒక పరిచయం కలిసింది. చీరాల డీలరు సుబ్బారావుగారి భార్య అన్నపూర్ణగారు పక్క కుర్చీలోంచి చూసి, మొహమాటపడుతూనే అడిగారు. "ఒక్క ముక్క పెడతారేంటండీ అన్నయ్యగారూ? ఆ చప్పిడి కూడు తిని నాలుక చచ్చిపోయింది."

మల్లేశం రొట్టె మొత్తం ఇచ్చేశాడు. ఆవిడ కళ్లనీళ్లు తుడుచుకుంటూ తిన్నారు. కారం మరి. మీ ఇంట్లో ఆవిడ రాలేదా అని అన్నపూర్ణగారు అడగడం, నేను చెప్పడం కూడా అప్పుడే అయిపోయాయి.

మూడు బొమ్మలు

ఓడ మలేషియాలోని లంకావి అనే దీవి దగ్గర ఒక పగలంతా ఆగుతుంది. ముందురోజే మాకు తలా ఒక రంగుల కాగితం ఇచ్చారు. మూడు బీచ్ క్లబ్బుల బొమ్మలున్నాయి. ఒకటి ఎంచుకుని రాత్రి భోజనానికి ముందే చెప్పాలి. కంపెనీ ఒక్కదానికే కడుతుంది.

బీచ్ క్లబ్బు అంటే ఏమిటో నాకూ అప్పటిదాకా తెలియదు. ఒడ్డున ఒక జాగా. డబ్బు కడితే పగలంతా కుర్చీ, గొడుగు, స్నానాల గది, భోజనం ఇస్తారు. ఏడుపాయల జాతరకు పోతే మనం పొద్దున్నే పోయి చెట్టు కింద చాప పరచి జాగా పట్టుకుంటాం. అక్కడ చెట్టు నీడకు కూడా ముందుగా పేరు రాయించుకోవాలి.

మొదటి బొమ్మలో నీలం రంగు ఈతకొలను, పాటలు, మన దేశపు భోజనం. డీలర్లలో ఎక్కువమంది దానికే చేతులెత్తారు. రెండో దానిలో నీళ్ల మీద నడిచే మోటారు బండ్లు, అలలు, అరుస్తున్న పిల్లలు. మూడో బొమ్మలో సరుగుడు చెట్లు, ఒక చెక్కబల్ల, కదలని నీళ్లు. మనిషి అనేవాడు లేడు.

టూరు చూసుకునే కుర్రవాడు నేను మూడోదాన్ని చూస్తుండటం గమనించి, "అక్కడేం ఉండదు సార్, బోరు కొడుతుంది," అన్నాడు.

సుబ్బారావుగారు కూడా మొదటిదే రాయమన్నారు. "సాంబారుంది మాస్టారూ, ఇంకేం కావాలి?" నేను మాస్టారును కాను. పుస్తకం చేతిలో ఉంటే ఆయనకు మాస్టారే.

నిర్ణయించుకోలేక అన్నపూర్ణగారిని అడిగాను. సముద్రం ఎరిగిన మనిషి, పైగా ఆడమనిషి. పద్మ వచ్చి ఉంటే లంగా మీద నా పాత చొక్కా వేసుకుని నీళ్లలో దిగేది. చిన్నప్పుడు వాళ్ల నాన్న చొక్కాతో దిగేదట. అట్లాంటి మనిషికి ఈ మూడింట్లో ఏది పనికొస్తుంది?

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కాగితం కిందున్న సన్న అక్షరాలు వెతికి, నాతో చదివించారు. కొలనులో ఈతదుస్తులు తప్ప మరే బట్టలతోనూ దిగనివ్వరని ఉంది.

"చూశారా! మొదటిది కుదరదండీ. నాకైతే ఫర్వాలేదు, నేను కుర్చీలో కూర్చుని సాంబారు తింటాను. సముద్రంలో ఏముంది, ఇసుక, ఉప్పు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. రెండోది మగపిల్లలకి."

"మూడోదాంట్లో మనుషులే లేరు."

"ఆవిడ అడిగింది అదేగా," అన్నారు. తరువాత బొమ్మను కాస్త దూరంగా పట్టుకుని చూసి, "నీళ్లు ఎంత నిలకడగా ఉన్నాయో! మా చీరాల్లో ఇట్టా ఉండవు," అన్నారు.

మూడోదే చెప్పాను. కుర్రవాడు మా ఇద్దరి పేర్లు విడిగా రాసుకున్నాడు. వంద మందికి పైగా ఉన్న మా గుంపులో ఆ ఒడ్డుకు పోయింది మేమిద్దరమే.

పొలం చూసొద్దాం

పొద్దున్నే ఒక వ్యాను మమ్మల్ని దింపి, సాయంత్రం వచ్చి హారను కొడతానని చెప్పి వెళ్లిపోయింది. క్లబ్బు అనే మాట ఆ చోటుకు పెద్దది. రేకుల వంటగది, నాలుగు బల్లలు, వరసగా సరుగుడు చెట్లు. నడిపేది ఒక ముసల్మాను జంట. తలకు గుడ్డ కట్టుకున్న ఆ ఇల్లాలిని చూసి మెదక్ అలవాటు కొద్దీ సలాం చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. బదులు చెప్పి, అడగకుండానే టీ తెచ్చింది. టీని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పోసి నురగ తెస్తారు. మా చౌరస్తాలో ఇరానీ చాయ్ అంత చిక్కన. కొంచెం తీపి ఎక్కువ.

నీళ్లు చెట్ల దాకా ఉన్నాయి. బొమ్మలో ఉన్నట్టే కదలకుండా ఉన్నాయి. నేను అక్కడే నిలబడి చూశాను. పద్మ చెప్పులు ఏ చెట్టు కింద విడిచేదో, చొక్కా ఏ గదిలో మార్చుకునేదో ఊహించుకున్నాను. కుదిరింది. నేను ఎంచుకున్న చోటు ఆమె చెప్పినట్టే ఉంది.

"దిగుతావా బావా?"

"కాసేపాగి."

భయం కొంత ఉంది. అంతకంటే, తొందరపడితే ఆమె చెప్పిన ఆ ఒక్క పనీ అయిపోతుందేమోనని ఉంది. ఇంతలో మల్లేశం రోడ్డు అవతల ఏదో చూసి లేచి నిలబడ్డాడు. వరిపొలం. ఈనిక మీదున్న వరి, గట్టు మీద బర్రె, బర్రె వెనుక కొంగలు.

"అరే, గీడ గూడ వరేనా! జర జూసొద్దాం బావా."

"మరి నీళ్లు?"

"నీళ్లు యాడికి పోతయ్ బావా?"

పోయాం. పొలం రైతుకు మా మాట రాదు, మాకు అతని మాట రాదు. మల్లేశం ఒక వెన్ను చేతిలోకి తీసుకుని గింజ నొక్కి చూశాడు. పాలు కారాయి. మెచ్చుకున్నాడు. రైతు ఒక ఆకు తెంపి దాని మీది మచ్చలు చూపాడు. మల్లేశం తన ఊళ్లోనూ అదే తెగులని చేతులతో చెప్పాడు. మందు కొట్టే పంపు భుజాన ఉన్నట్టు ఇద్దరూ నటించారు. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు, ఆ మందు పనిచేయదని. తరువాత రైతు మమ్మల్ని ఇంటికి తీసుకుపోయి కొబ్బరిపాలతో వండిన అన్నం, వేయించిన చిన్న ఎండుచేపలు, పల్లీలు పెట్టాడు. మల్లేశం రెండోసారి పెట్టించుకున్నాడు. డబ్బు ఇవ్వబోతే రైతు చెయ్యి వెనక్కి నెట్టాడు.

తిరిగి ఒడ్డుకు వచ్చేసరికి సముద్రం లేదు.

గేటు మూసిండ్రు

నేను పెంచి రాయడం లేదు. పొద్దున నీళ్లున్న చోట బురద కలిసిన ఇసుక. పడవలు పక్కకు ఒరిగి పడున్నాయి. నీటి గీత ఎక్కడో దూరాన, ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య ఉన్నంత దూరాన కనిపిస్తోంది.

మల్లేశం నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "బావా, గేటు మూసిండ్రు!"

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నాకూ అదే అనిపించింది. మేము ఎరిగిన నీళ్లు ఒక్క మంజీరవే. పైన సింగూరు డ్యాం గేట్లు తెరిస్తే నది, మూస్తే ఇసుక. ఆ నీళ్లు హైదరాబాదుకు పోతాయని, మా ఆయకట్టుకు రావని రైతులు లారీలెక్కి పోయి ఆఫీసు ముందు కూర్చునేవాళ్లు. మల్లేశం కూడా చాలాసార్లు కూర్చున్నాడు. నీళ్లు పోతే ఎవరో మూశారని అర్థం. వాళ్లను పట్టుకుని అడగాలి. అంతే తెలుసు.

"ఇంగ్లీషుల అడుగు బావా. ఎప్పుడు ఇడుస్తరట? ఎవలకు జెప్పాలెనట?"

మాకు టీ ఇచ్చిన క్లబ్బు ఇల్లాలి దగ్గరికి పోయి అట్లాగే అడిగాను. నీళ్లు ఎవరు వదులుతారు, వాళ్లతో మేము మాట్లాడవచ్చా అని. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకుంటూ వంటగదిలోంచి భర్తను పిలిచింది. ఆయన గరిటె పట్టుకునే వచ్చి, మమ్మల్ని ఎగాదిగా చూసి, గరిటెతో ఆకాశం చూపాడు. వేలితో గాలిలో నెలవంక గీశాడు.

ఆటుపోట్లు. ఆ మాట నాకు కొత్త కాదు. వ్యాపారంలో ఆటుపోట్లు, బతుకులో ఆటుపోట్లు అని ఎన్నిసార్లు చదివానో, పలికానో. సముద్రానికి అది నిజంగా జరుగుతుందని, అదీ భోజనం చేసి వచ్చేలోపు జరుగుతుందని మాత్రం తట్టలేదు. చీరాల వాళ్లకు కూడా నీళ్లు ఇంత దూరం పోవని తరువాత తెలిసింది. అందుకే అన్నపూర్ణగారూ హెచ్చరించలేదు.

"మళ్లీ వస్తాయా?" అని అడిగాను.

"అసర్ నమాజు తరువాత," అంది ఆమె. అసర్ అంటే సాయంకాలపు నమాజు; వ్యాను వచ్చేది కూడా ఆ తరువాతే. నీళ్లు ముందు వస్తాయా, వ్యాను ముందు వస్తుందా అనేది ఆమె చెప్పలేకపోయింది.

చేసేదేమీ లేక సముద్రం అడుగున నడిచాం. ఊరి ఆడవాళ్లు కొందరు బకెట్లు పట్టుకుని వంగి, ఇసుక తవ్వి గవ్వల్లాంటివి ఏరుతున్నారు. అవి వండుకు తింటారట. వాళ్లను చూసి మల్లేశం కూడా కూర్చుని చేతులతో ఇసుక తోడటం మొదలుపెట్టాడు. ఎండాకాలం మంజీర ఇసుకలో మా వాళ్లు తాగునీళ్లకు ఇట్లాగే చెలిమె తవ్వుతారు. కాస్త లోతుకు పోగానే నీళ్లు ఊరాయి. దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకున్నాడు. వెంటనే ఉమ్మాడు.

"థూ! చెలిమెల గూడ ఉప్పే."

"సముద్రం కదరా."

"ఏమో బావా, ఇసుకల వడగడితే తియ్యగైతయేమో అనుకున్న."

గుంత పక్కన అట్లాగే కూర్చున్నాడు. నేను అడగకుండానే చెప్పాడు.

"నాకు ఈత అక్కనే నేర్పింది. మా నాయిన నా నడుముకు సొరబుర్ర కడ్తనన్నడు. అక్క వద్దన్నది. బుర్ర మీద బరువేసినోడు బుర్ర లేకుంటే మునుగుతడన్నది. మడుగుల నన్ను ఎల్లెలుకల వండవెట్టి, మెడ కింద రెండేళ్లు వెట్టింది. గంతే. నడుమ్ముట్టలే, కాళ్లు ముట్టలే. 'ఆకాశం జూడు, నన్ను జూడకు' అన్నది."

ఇది నాకు పద్మ ఎప్పుడూ చెప్పలేదు. అడగాలని నాకు తోచలేదు.

అసర్ తరువాత

నీళ్లు రావడం మేము చూడలేదు. ముందు చెలిమె నిండింది. తరువాత దాని అంచులు కరిగాయి. లేచి చూస్తే పడవల చుట్టూ నీళ్లున్నాయి. చప్పుడు లేదు, అల లేదు. మనం ఇంకెటో చూస్తున్నప్పుడు వస్తాయి.

అజాన్ వినపడింది. కాసేపటికి ఊరి కుటుంబాలు రావడం మొదలైంది. మగవాళ్లు పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. ఆడవాళ్లు నిండా బట్టలతో, తలకు కట్టిన గుడ్డతో సహా, మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ నీళ్లలోకి నడిచారు. ఎవరూ వాళ్లను చూడటం లేదు. ఒకామెకు పద్మ వయసే ఉంటుంది. ఒళ్లు కూడా ఇంచుమించు అంతే. మెడ దాకా నీళ్లలో కూర్చుని, కళ్లు మూసుకుని, ముఖం ఎండవైపు పెట్టింది. ఎంతసేపు చూశానో గాని, చూడటం మర్యాద కాదని గుర్తొచ్చి తల తిప్పుకున్నాను.

మల్లేశం కూడా ఆమెను చూశాడు. "అక్క ఉంటె గీడ దిగుతుండె బావా," అన్నాడు. "మంచి జాగనే జూసినవ్."

ఏడాదికి పైగా నాకు ఎందరో ఎన్నో మాటలు చెప్పారు. వాటిలో నాకు పనికొచ్చిన మాట ఇదొక్కటే.

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినప్పుడు చొక్కాతోనే దిగాను. ఇంకొంచెం లోపలికి నడిచాం. మల్లేశం నా వెనుక నిలబడ్డాడు.

"ఎనుకకు ఒరుగు బావా."

"మునిగిపోతాను."

"నేనున్న గదా. ఒరుగు. మెడ బిర్రు వెట్టకు. గంత పెద్ద మోటార్లు మోసినవ్, నీ తలకాయ నువ్వు ఇడువలేవా?"

ఒరిగాను. నీళ్లు ముక్కులోకి పోయాయి. దగ్గుతూ లేచి నిలబడ్డాను. ఒడ్డున పిల్లలు నవ్వారు. మళ్లీ ఒరిగాను, మళ్లీ లేచాను. మల్లేశం విసుక్కోలేదు.

"నన్ను జూస్తున్నవ్ బావా. నన్ను జూడకు. ఆకాశం జూడు."

ఈసారి మెడ కింద రెండు వేళ్లు ఆగాయి. అంతకంటే ఏమీ లేదు. చెవులు నీళ్లలో మునిగాయి. పిల్లల అరుపులు పోయాయి. కాళ్లు వాటంతట అవే పైకి లేచాయి.

పద్మ చేతులు నాకు తెలుసు. పిండి అంటిన చేతులు, స్టార్టరు డబ్బాలు తుడిచి మసి పట్టిన చేతులు, చివరికి సూది గుచ్చి ఉబ్బిన చెయ్యి. మెడ కింద ఈ రెండు వేళ్లు మాత్రం నాకు తెలియవు. ఆమె తమ్ముడికి ఇచ్చింది, అతను దాచి ఉంచాడు.

"మల్లేశం, విడువకు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

అతను ఏమన్నాడో కూడా వినపడలేదు. వేళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి.

నీళ్లలోంచి కూడా హారను వినపడింది. లేచి నిలబడ్డాను. నీళ్లు నడుముల దాకా ఉన్నాయి. తేటగా, కదలకుండా ఉన్నాయి. ఆమె అడిగిన లోతు. వ్యాను డ్రైవరు రెండోసారి హారను కొట్టాడు. తడిబట్టలతోనే పోయి ఎక్కాం. క్లబ్బు ఇల్లాలు సీట్ల మీద పరుచుకోమని రెండు పాత దుప్పట్లు ఇచ్చింది. నేను సలాం చెప్పాను. ఆమె గరిటె ఎత్తి ఆకాశం చూపించి నవ్వింది.

ఓడ ఎక్కగానే అన్నపూర్ణగారు ఎదురొచ్చారు. నా తడి చొక్కా చూశారు. "నీళ్లు నిలకడగా ఉన్నాయాండీ అన్నయ్యగారూ?"

"ఉన్నాయమ్మా. సాయంత్రం ఉన్నాయి."

"సాంబారు బాగాలేదు," అన్నారు ఆవిడ. 

వంతెన

చూసి రమ్మన్న పెద్దమ్మకు చెబుదామని నర్సాపూర్ దగ్గర జీపు ఆపించాను. పొయ్యిల మసి ఉంది గాని మనుషులు లేరు. ఉద్యమం ఇంకో చోటికి పోయింది.

మర్నాడు మల్లేశాన్ని ఊళ్లో దింపడానికి పాపన్నపేట బస్సెక్కాను. అతని సంచిలో కవరులో కట్టిన పూలరెక్కలు ఎండిపోయి ఉన్నాయి. భార్యకు చూపిస్తానన్నాడు, ఎక్కడివో మాత్రం చెప్పొద్దన్నాడు. బస్సు వంతెన ఎక్కింది. నేను పద్మ కూర్చునే వైపు కూర్చున్నాను.

మంజీరలో నీళ్లు లేవు. ఇసుక. అక్కడక్కడ చెలిమెలు, వాటి పక్కన బిందెలు. అవతలి గట్టు కింద పద్మ ఈత నేర్చుకున్న మడుగు ఎక్కడుండేదో మల్లేశం వేలితో చూపించాడు. అక్కడ ఒక ట్రాక్టరు ఇసుక నింపుకుంటోంది.

 వంతెన అయిపోవస్తుండగా అతనే అన్నాడు.

"గాడనైతే పొద్దుమూకేవరకు నీళ్లు మళ్లొచ్చినయ్ బావా."

అవునన్నాను. బస్సు గట్టు దిగేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.